పోలినాయుడి కుడిచెయ్యి

చోడవరంలో ఫిజియోథెరపీ చేసే ఫణిశ్రీ దగ్గరికి చెరకు రైతు పోలినాయుడు నెల రోజులుగా వస్తున్నాడు. అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మాత్రలు మింగాడు, తైలాలు రాయించుకున్నాడు. స్కానింగులో మాత్రం ఏమీ కనిపించలేదు.

కారణం ఊరందరికీ తెలుసు. వానల్లో గెడ్డ పొంగి తమ్ముడు కొట్టుకుపోతుంటే, అతను ఆ చేత్తోనే పట్టుకున్నాడు. పట్టు జారిపోయింది. తమ్ముడు దక్కలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా, "అన్నంటే నువ్వేరా" అంటూ ఆ భుజాన్నే నిమిరి వెళ్లారు.

ఇన్నాళ్లూ ముట్టుకుంటేనే ముడుచుకుపోయిన మనిషి, ఆ రోజు ఎందుకో బల్ల మీద పడుకుని చేతిని ఆమెకు వదిలేశాడు. ఫణిశ్రీ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లేపింది. చెయ్యి చెవి పక్కదాకా సాఫీగా వచ్చేసింది.

"చూసేరా నాయుడుగారూ, కీలు బాగానే ఉంది. ఆ రోజు తమ్ముణ్ణి లాగినప్పుడు తగిలిన దెబ్బ మానిపోయింది. మళ్లీ ఏటవుతాదోనని ఒళ్లు ఇంకా భయపడతంది. మీ నొప్పి అబద్ధం కాదు."

పోలినాయుడి కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"నొప్పెడతందా? ఆపెయ్యనా?"

"లేదమ్మా. ఆ రోజూ నొప్పెట్టలేదు," అన్నాడతను. "పట్టు జారిపోనేదు. ఆడు నా చెయ్యి గట్టిగానే పట్టుకున్నాడు. నన్నూ లోపలికి లాగేస్తాడని భయమేసి, నేనే ఇదిలించేసేను."