గోడలకి దుద్దులు

“ఇంకా కసిగా కావాలయ్యా! వాడు విలను. ఇంత మెత్తగా మాట్లాడితే జనం జాలిపడి ఊరుకుంటారు,” అన్నాడు దర్శకుడు అద్దం అవతలి గదిలోంచి.

బొంగురు మైకు ముందు నిలబడి చేతిలోని డైలాగు కాగితం వంకే చూస్తున్నాడు. అతని అసలు పేరు ఆ డబ్బింగ్ థియేటర్లో ఎవరికీ పట్టలేదు. గొంతు బొంగురు కాబట్టి మనిషీ బొంగురే అయ్యాడు. పుట్టుకతో వచ్చిన గొంతా అని ఎవరైనా అడిగితే, “ఒకప్పుడు బాగా అరిచాన్లెండి” అని నవ్వేసేవాడు. ఆ గొంతునే విలన్లకి అరువిచ్చి బతుకుతున్నాడు. తెర మీద ఎన్ని హత్యలు చేయించినా బయట చీమకి కూడా హాని తలపెట్టడని పేరు.

ఆ పూట మాత్రం అతని మొహం చూస్తే చీమలు దారి మార్చుకునేలా ఉన్నాయి.

సినిమా నిజంగా జరిగిన కథ. ఒక పెద్దింట్లో నగలు పోయాయి. పోలీసులు దారినపోయే కుర్రాణ్ణొకణ్ణి పట్టుకుపోయారు. కళ్ళకి గంతలు కట్టి, ఒక గదిలో పడేశారు. వాళ్ళలో ఒకడు ఒప్పుకోమని చితకబాదాడు. తీరా చూస్తే నగలు ఆ ఇంటి అల్లుడి దగ్గరే దొరికాయి. కుర్రాణ్ణి వదిలేశారు. కానీ వాడు ఇల్లు చేరేలోపే, దొంగ తండ్రి అన్న మాట పడలేక తండ్రి గుండె ఆగిపోయింది.

కోర్టులో “కొట్టిందెవరు?” అని అడిగితే కుర్రాడు ఎవరినీ చూపించలేకపోయాడు. గంతలు కట్టిన కళ్ళు ఎవర్ని గుర్తుపడతాయి? కేసు కొట్టేశారు. కుర్రాడు ఊరొదిలిపోయాడు. కొట్టినవాడెవడో ఈనాటికీ తెలియదు. సినిమా చివర్లో తెర మీద పడే మాట కూడా అదే.

“ఈ డైలాగు ఎక్కడిదండీ?” అన్నాడు బొంగురు కాగితం మీద వేలుపెట్టి.

దర్శకుడు మురిసిపోయాడు. “అదిరింది కదూ? సినిమాకి ప్రాణమే అది. మన పెద్దాయన ఇచ్చారు.”

పెద్దాయనంటే ఈ సినిమాకి సలహాదారు. పోలీసు శాఖలో పెద్ద హోదా చూసి రిటైరైన మనిషి. లాఠీ ఎలా పట్టుకోవాలన్న దగ్గర్నుంచీ దర్శకుడికి అన్నీ ఆయనే నేర్పాడు. అన్యాయం మీద సినిమా అనగానే తనంతట తానే ముందుకొచ్చిన ధర్మాత్ముడని యూనిట్ అంతా చెప్పుకునేవారు.

“ఆయన్నొకసారి పిలిపిస్తారా?” అన్నాడు బొంగురు. “ఎలా అనాలో ఆయనే అని వినిపిస్తే పట్టేస్తాను. ఈ సినిమా చూశాక ఆ దుర్మార్గుణ్ణి వాడి పెళ్ళాంపిల్లలే ఛీకొట్టాలి. వాడెక్కడో కడుపునిండా తిని హాయిగా పడుకుంటున్నాడంటే నాకు అన్నం దిగట్లేదు.”

“అబ్బో, దొరికితే నమిలి మింగేసేలా ఉన్నావే!”

“ఉప్పు కూడా అడగను,” అన్నాడు బొంగురు.

పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఘుమఘుమలాడే సెంటు. మైకు చూడగానే సగం ముసలితనం వదిలిపోయింది. సౌండ్ ఇంజనీరు ఎర్రలైటు వెలిగించాడు.

“గట్టిగా అనకూడదయ్యా. గట్టిగా అంటే భయం పోతుంది,” అని గొంతు సవరించుకుని, తెర మీది కుర్రాణ్ణి చూస్తూ బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

“కేకలెయ్యరా నాన్నా, ఎన్ని కేకలేస్తావో వెయ్యి. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఈ గోడల చెవులకి దుద్దులు పెట్టించింది నేనే.”

బొంగురు ముందున్న స్టాండుని గట్టిగా పట్టుకున్నాడు.

“మళ్ళీ ఒక్కసారి సార్.”

పెద్దాయన మళ్ళీ అన్నాడు. ఈసారి చివర చిన్న నవ్వు కూడా కలిపాడు. కాగితంలో ఆ నవ్వు లేదు. దర్శకుడు చప్పట్లు కొట్టాడు. బొంగురు కొట్టలేదు.

“ప్రతి మాటకీ ఆధారం కావాలని లాయరుగారు ప్రాణం తీస్తున్నారు కదండీ,” అన్నాడు.

అదీ నిజమే. నిజకథలతో వచ్చే తలనొప్పే అది. రేపెవడైనా దావా వేస్తే, ఫలానా మాట ఫలానా చోటిదని చూపించాలి. కోర్టు కాగితాలన్నీ తిరగేసినా ఈ డైలాగు మాత్రం కనపడలేదు.

“ఈ మాట ఎక్కడిదో మైకులోనే చెప్పేయండి సార్. రికార్డులో పడుంటుంది.”

“దానికేం భాగ్యం!” అన్నాడు పెద్దాయన హుషారుగా. “ఈ మాట ఆ కుర్రాడే నాతో స్వయంగా చెప్పాడు. కేసు పోయాక మా ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకుని ఏడ్చాడు పాపం. కొట్టినవాడు ఏమేమన్నాడో పొల్లుపోకుండా చెప్పుకున్నాడు. దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించి పంపించాను.”

దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు. “మీరు దేవుడు సార్!”

“దేవుణ్ణేమిటయ్యా. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా! అంత బాధ కడుపులో దాచుకుని మనిషన్నవాడు బతకగలడా?”

బొంగురు అద్దం వైపు తిరిగాడు. “అంతా వచ్చిందా?”

“అక్షరం పోలేదన్నా,” అన్నాడు ఇంజనీరు. “లాయరుగారికి కూడా పంపేశాను.”

బొంగురు వచ్చి పెద్దాయనకి ఎదురుగా నిలబడ్డాడు. పైనుంచి కిందిదాకా, తీరిగ్గా, ఆ మొహమూ ఆ చేతులూ అన్నీ చూశాడు.

“ఆ కుర్రాణ్ణి నేనే సార్, ఆ మాట ఇప్పటిదాకా మా అమ్మకి కూడా చెప్పలేదు.”