పచ్చబడిన నీళ్లు

పెరట్లోని ఈతకొలను మళ్లీ పచ్చబడింది. క్లోరిన్ ఎంత పోసినా అంతే. ఆ ఇంట్లో నీళ్లు చూసుకునే పని తల్లిది, కూతురి చేత ఈత కొట్టించే పని తండ్రిది.

"ఇవాళైనా బాగవుతాయా, లేదా? పోటీలు నెత్తిమీదికొచ్చాయి!" మేడమీంచి కేకేశాడాయన.

తల్లి పరీక్ష గొట్టంలో కొలను నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. పాలలా తెల్లబడ్డాయి. అంటే క్లోరిన్ ఎండకు ఎగిరిపోకుండా వేసే స్టెబిలైజర్ మోతాదు మించిపోయింది. తను వేసింది కొంచెమే. వెళ్లి డబ్బా మూత తీస్తే అడుగు కనిపించింది.

కూతురు గట్టుమీద ముడుచుకుని కూర్చుంది.

"నువ్వే పోశావా?"

"ఎక్కువైతే క్లోరిన్ పనిచెయ్యదని నువ్వే చెప్పావుగా అమ్మా. నీళ్లు పాడైతే నాన్న దిగమనడు."

అప్పటికే ఆయన మెట్లు దిగి వస్తున్నాడు.

"నేనే పొరపాటున ఎక్కువ పోశానండీ. నీళ్లు తోడేసి కొత్తవి నింపాలి. చాలా రోజులు పడుతుంది."

కూతురు ఊపిరి పీల్చుకుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాడాయన. "సర్లే, అందాకా క్లబ్బు కొలనుకి తీసుకెళ్తా. బట్టలు సర్దుకోవే."

పిల్ల కదల్లేదు. తల్లి ముఖంలోకి చూసింది.

"పోసింది నేను కాదండీ, అదే," అంది తల్లి. "దిగమంటారన్న భయంతో పోసింది. ఇక ఏ నీళ్లలోనూ దిగదు. నేను దిగనివ్వను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. కూతురు అప్పటికే లేచొచ్చి తల్లి వెనక నిలబడింది.