రెండు వందల పద్నాలుగో పేజీ

"కేసు గెలిచినట్టే మేడమ్!" కోర్టు వరండాలో లాయరు ఫిర్యాదు కాగితం ఊపాడు. "అశ్లీలం రెండు వందల పద్నాలుగో పేజీలో ఉందట. మీ నవలకు ఉన్నవే నూట అరవై పేజీలు! పుస్తకం ముట్టుకోకుండానే కేసు పెట్టాడా పెద్దమనిషి."

రచయిత్రి నవ్వబోయి ఆగిపోయింది. అచ్చుకు ముందు ఆమె చేత్తో రాసి, మూలన ఎర్రసిరాతో అంకెలు వేసిన కాగితాల కట్టలో ఆ పేజీ ఉంది. ఆ కట్ట ఇంటికి తీసుకెళ్లింది ఒక్కరే.

ఆ ఒక్కడూ పక్కనే బెంచీ మీద కూర్చుని, ఆమె కోసం తెచ్చిన ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

"అన్నయ్యా, ఆ పేజీ నెంబరు కేసు పెట్టినాయనకెవరిచ్చారు?"

మూత తిరగడం ఆగింది.

"మొగుడు పోయినదాని కోరికలన్నీ అలా బజారున పెడితే, నేను నలుగురిలో తలెత్తుకు తిరగొద్దటమ్మా? కేసంటే భయపడి నువ్వే పుస్తకం వెనక్కి తీసుకుంటావనుకున్నాను."

"మొత్తం చదివి ఏడ్చానన్నావుగా?"

"ఆ పేజీ దగ్గరే ఆపేశాను."

"చట్టం కూడా పుస్తకమంతా చదివే తేల్చమంటుంది సార్," అని లాయరు గొణిగాడు.

అన్నయ్య కప్పులో టీ పోసి అందించాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఆ తర్వాత కథలో అందరూ ఆమె మొహానే తలుపులేస్తారు అన్నయ్యా. లోపలికి రమ్మనేది వాళ్లన్న ఒక్కడే. రెండు వందల పదిహేనో పేజీలో."