మట్టిలో కలిసిన షీటు

“ఇంకా లోతుగా తవ్వవయ్యా! మా జెబా మేడం గారి కళ్ళు చల్లబడాలి,” అన్నాడు త్రికోటేశ్వరరావు, గట్టు మీద గొడుగు కింద నిలబడి.

ఈపూరు దగ్గర అంకమ్మరావు మిరప చేను అది. కోతలు అయిపోయాయి, ఎండిన మిరప కట్టె పీకేశారు. అంకమ్మరావు బోదె అంచున పారతో ఇంకో వేటు వేశాడు. జెబా మోకాళ్ళ మీద కూచుని నల్లమట్టి పెళ్ళల్ని ఒక్కొక్కటే చిదిపి చూసింది.

“కనపడిందా?”

“లేదు సార్.”

“ఎట్టా కనపడుద్ది? నేను చేసింది బజార్లో క్యారీబ్యాగ్ కాదు.”

పాలిమర్ ఫిజిక్సులో త్రికోటేశ్వరరావు ఎంత గొప్పవాడో లోకానికి తెలుసు. ఎందుకు తెలీదు, కనపడిన ప్రతివాడికీ ఆయనే చెబుతాడు గదా! నర్సరావుపేటలో పుట్టి, కాలికి మట్టి అంటకుండా పెరిగి, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ మీద ఉద్యోగకాలమంతా పరిశోధన చేశాడు మహానుభావుడు. కలుపు మొలవకుండా మిరప మొక్కల మొదళ్ళలో పరిచే షీటు అది. పంట అయ్యేసరికి దానంతటదే మట్టయిపోవాలి. ల్యాబులో అయింది. ల్యాబులో కాక చస్తుందా, ఏసీ వేసి, తడి పెట్టి, పక్కన కూచుని బతిమాలితే! ఈ చేలో పరిచింది కూడా కలిసిపోయిందని తేలితే ఫ్యాక్టరీలో తయారీ మొదలుపెడతారు. పల్నాడంతా పరుస్తారు.

కలవదు అన్నది ఆయన కింద పరీక్షలు చూసే జెబా ఒక్కతే. “ఈ ఎండలకి పెళుసెక్కి ముక్కలవుద్ది సార్, అంతే. ఆ ముక్కలు భూమిలోనే ఉండిపోతాయి. రైతుల పొలాలు నాశనమవుతాయి,” అని మీటింగులో అందరి ముందూ అనేసింది. సంతకం పెట్టను పొమ్మంది. ఆమె సంతకం లేకపోతే తయారీ ఆగిపోతుంది. ఆ మంట ఆయనకి ఇంకా ఆరలేదు. మాచర్లలో స్కూటర్లు బాగుచేసే షౌకత్ కూతురు తనకి పాలిమర్ పాఠం చెప్పడమా!

చేను నడుమ తవ్వారు. మూలల్లో తవ్వారు. మట్టి తప్ప ఏమీ లేదు.

“సార్, కలిసిపోయినా అక్కడక్కడ గోరంత ముక్కన్నా మిగలాలి గదా? మరీ ఇంత శుభ్రంగా...”

“ఉంటే తప్పు, లేకపోతే తప్పు! అసలు నీ ఏడుపేంది తల్లీ?” అని కసిరి, ఆయన రైతు వైపు తిరిగాడు. “ఏమయ్యా, పంట మధ్యలో గాని షీటు పీకేశారా?”

“అయ్యో, లేదు సారు. కోతలయ్యేదాకా దాని మీద చెయ్యే వెయ్యలా. మీరు చెప్పినట్టే ఉంచాం.”

“విన్నావా?”

అక్కడితో వదిలేస్తే ఆయన త్రికోటేశ్వరరావు ఎందుకవుతాడు? అక్కడికక్కడే తమ సంస్థ డైరెక్టరుకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు. “మా అమ్మాయి ఏదో చెబుద్దంట సార్, వినండి.”

జెబా చేలోకి మరోసారి చూసింది. కళ్ళారా చూశాక ఇంకేం వాదిస్తుంది?

“నేనే పొరపాటు పడ్డాను సార్. షీటు మట్టిలో కలిసిపోయింది. సంతకం పెడతాను.”

“శభాష్! ఇవాళే ఆర్డరు పంపించేస్తున్నా,” అన్నాడు డైరెక్టరు.

ఫోన్ పెట్టేసి త్రికోటేశ్వరరావు గట్టంతా దద్దరిల్లేలా నవ్వాడు. జెబా అవమానం దిగమింగుకుని చేతుల మట్టి దులుపుకుంది. ఇంతలో అంకమ్మరావు భార్య మంగమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.

“ఏందమ్మా, కళ్ళెమ్మట ఆ నీళ్ళు? ఎండ తగిలిందా?”

“ఎండ కాదులే, తెలివి తగిలింది,” అన్నాడాయన మజ్జిగ అందుకుంటూ. “మీ చేను చానా బాగుంది మంగమ్మా. అద్దంలా ఉంది!”

మంగమ్మ మొహం ఇంతయింది.

“ఉండదా మరి! పెద్దోళ్ళు చూడ్డానికి వస్తన్నారంటే చేను చెత్తచెత్తగా ఉంటే మాకెంత నామోషీ? మా వీధి ఆడోళ్ళందరం నిన్న పొద్దుగూకులూ నడుములు ఇరగ్గొట్టుకున్నాం.”

“ఏం చేశారు?” అంది జెబా.

“మీ షీటు పీలికలన్నీ ఏరి తగలబెట్టాం.”