నక్షాలో లేని కట్టెలు

"వంతెన మీద ఎవరో నడుస్తాండారు సార్," అన్నాడు మేస్త్రి మహానంది.

రాఘవేంద్రప్రసాద్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు.

2006 ఏప్రిల్. కడప లైన్లోని ఆ పాత ఇనుప వంతెన పక్కన గుడారం వేసుకుని ఆ ఇంజనీరు ఇరవై రెండు రోజులుగా ఉంటున్నాడు. బరువు పెంచిన గూడ్సు బండ్లు వెళ్తుంటే వంతెన ఎంత ఊగుతుందో కొలవాలి. ఆ ఊపు తగ్గించాలి. అన్నం సయించడం లేదు. బండి వెళ్లిపోయినా చెవుల్లో మోత ఆగడం లేదు.

వంతెన మీద నడుస్తున్న ముసలాయన మెల్లగా కట్ట దిగి వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. చేతిలో గుడ్డసంచి ఉంది.

"పట్టాల మీద నడిస్తే కేసు పెడతారు, తెలుసా?"

"తెలుసు సార్. రైల్లో కడపకు పోతాంటి. కిటికీలోంచి మీరు కట్టెలు పీకేది కనపడె. ముందర స్టేషన్లో దిగి నడిచొస్తి."

"అక్కణ్నుంచా? ఆరు మైళ్లుంటుంది."

"ఉంటాది సార్."

వంతెన మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ నడుమ, రెండు గర్డర్ల మధ్య ఎనిమిది లావాటి కట్టెలు బిగించి ఉన్నాయి. ఎవరు బిగించారో, ఎందుకు బిగించారో తెలియదు. వంతెన నక్షాలో అవి లేవు. నక్షాలో లేనిది వంతెన మీద ఉండకూడదు. అందుకే రాఘవేంద్రప్రసాద్ తీసేయమన్నాడు. అప్పటికి అయిదు తీశారు.

"తియ్యొద్దు సార్. ఆ జాగాలోనే ఊపు శానా ఉండాది. ఇంజను పోయినాక, ఎనక పెట్టెల కింద గర్డర్లు పక్కకు కొట్టుకుంటాయి. కట్టె ఆ ఊపును తాగుతాది."

"వాటి బదులు ఇనుప కమ్మీలు బిగిస్తాం."

"ఇనుము తాగదు సార్. ఇంగో చోటికి తోస్తాది. బోల్టులు వదులైతాయి."

మహానంది ఇంజనీరు చెవి దగ్గరకు వంగాడు. "నారేపి కట్టె సార్ అది. ఇంటి దూలాలకు పనికొస్తాది. దానికోసమే వచ్చినాడీయప్ప."

ఆ మాట ముసలాయనకూ వినపడింది.

"ఇదంతా నీకెలా తెలుసు?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"ఈ పక్క తిరిగినోణ్ణి సార్. కట్టెకూ గర్డరుకూ ఎంత సందుండాలో, చీల యాడ కొట్టాలో చెప్తా. రాసుకోండి."

రాఘవేంద్రప్రసాద్ నోటుపుస్తకం తీశాడు.

"పేరు?"

"బసవన్న."

"ఊరు?"

"డోన్ పక్క, రాళ్లకొట్టాల. నాపరాళ్ల గనుల కాడ."

"రాసుకున్నా. ఇంకోసారి వంతెన మీద కనపడితే ఈ కాగితం పోలీసులకు పోతుంది."

బసవన్న మంచినీళ్లడిగి తాగాడు.

"బండ్లను ఒక నెల నిదానంగా పోనియ్యండి సార్," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా కూలీల అన్నం ఆ కట్టెల మీదే ఉడికింది.

కొత్త కమ్మీలు బిగించాక మొదటి గూడ్సు వచ్చింది. లాప్‌టాప్ తెర మీద ఊపును చూపే గీత రెండింతలు లేచింది. యంత్రం చెడిందేమోనని రాఘవేంద్రప్రసాద్ ఇంకోటి తెప్పించి చూశాడు. అదీ అంతే చూపించింది.

పదిహేను రోజులకు బోల్టులు చేత్తో తిప్పితే తిరిగాయి.

ఇరవై కిలోమీటర్ల వేగం దాటొద్దని బోర్డు పెట్టారు. జనంతో నిండిన బండ్లు వంతెన మీద పాకుతూ పోతుంటే అతను కింద నిలబడి ఊపిరి బిగపట్టేవాడు. సంజాయిషీ అడుగుతూ పైనుంచి ఉత్తరాలు వచ్చాయి.

కొత్త కట్టెలు తెప్పించాడు. బిగువుగా పెడితే చీలాయి. వదులుగా పెడితే జారి, ఎండిన వాగులో పడ్డాయి.

"ఆ పెద్దాయన సందు ఎంతుండాలన్నాడు?"

"చెప్తానన్నాడు, మనమే రాసుకోలేదు గదా సార్," అన్నాడు మహానంది.

జూన్ మొదట్లో రాఘవేంద్రప్రసాద్ బస్సెక్కి రాళ్లకొట్టాలకు వెళ్లాడు. ఇంటి ముందర ఒకామె బండ చెక్కుతోంది. బసవన్న కూతురు మహాదేవమ్మ.

"నాయన పోయి పన్నెండు దినాలాయె సార్. ఎండలకు తట్టుకోలేకపాయె."

అతను అక్కడే ఉన్న బండ మీద కూర్చున్నాడు.

"ఆయన రైల్వేలో పనిచేశాడా అమ్మా?"

"లేదు సార్. నాకు తెలివొచ్చినప్పట్నుంచి గనిలోనే. రైలెక్కేదానికే ఇష్టపడడు. కడపలో మనవరాలికి కాన్పయ్యిందని మొన్న ఒక్కసారి ఎక్కినాడు."

"వంతెన గురించి, కట్టెల గురించి ఎప్పుడైనా చెప్పేవాడా?"

"మాతో మాట్లాడేదే తక్కువ సార్."

అతను లేచాడు. నాలుగడుగులు వేశాక ఆమె పిలిచింది.

"సార్, నాయన పెట్టెలో ఒక కాగితం ఉండాది. ఇంగ్లీషులో. ఎవురికీ చూపీలే. దేనికన్నా పనికొస్తాదేమో చదివి చెప్పండి."

మడతల దగ్గర చిరిగిన టైపు కాగితం అది. రాఘవేంద్రప్రసాద్ నిలబడే చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏముండాది సార్?"

అతను ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు.

"వంతెన మూడో, నాలుగో స్తంభాల నడుమ అనుమతి లేకుండా కట్టెలు బిగించినందుకు, పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్ బసవన్నను 1971లో ఉద్యోగంలోంచి తీసేశారమ్మా."