కోరపన్ను ఎవరి పోలిక?

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా?" అని ఖమ్మంలో పళ్ల డాక్టర్ నిర్మలాదేవి అడగడమే ఆలస్యం, బొజ్జయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నాకే ఉండె మేడం! నా పోలికే పిల్లకు."

డాక్టరు చేతిలో ఎక్స్‌రే ఉంది. అందులో సరిత పై కోరపన్ను చిగుళ్ల లోపల అడ్డంగా పడుకొని ఉంది. పిల్లకు పదహారేళ్లు నిండినా దాని చోట పాలపన్నే ఇంకా కదలకుండా కూర్చుంది. చిగురు కొద్దిగా కోసి, లోపలి పన్నుకు సన్నని తీగ కట్టి, నెలల తరబడి మెల్లగా కిందికి దించాలి. ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని, అందుకే అడుగుతున్నానని డాక్టరు చెప్పింది.

ఇంటర్ బైపీసీ చదువుతున్న సరిత తండ్రి వైపు తిరిగింది.

"నీకెప్పుడుండె నాయినా? ఎన్నడూ చెప్పలే."

"చిన్నగున్నప్పుడు. భద్రాచలం దవాఖానాల తీసేసిండ్రు."

"ఏది, నోరు తెరువు."

బొజ్జయ్య చచ్చినట్టు తెరిచాడు. ముప్పై రెండూ ఉన్నాయి. తెల్లగా, గట్టిగా, వరసగా ఉన్నాయి. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసే మనిషి, రోజూ వేపపుల్ల నమిలేవాడు, సోడా మూత పంటితోనే లాగేసేవాడు. అబద్ధం చెప్పడానికి అంతకన్నా పనికిరాని నోరు ఖమ్మంలో ఆ రోజు ఇంకొకటి ఉండి ఉండదు.

"తీసినంక మళ్ల మొలిచింది," అన్నాడు.

సరిత ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వు ఆపుకుంటోందేమోనని అతను సిగ్గుపడ్డాడు. డాక్టరు చీటీ రాసి, కింది షాపులో మందులు తెమ్మని అతన్ని పంపింది.

మెట్లు దిగుతూనే బొజ్జయ్య భార్యకు ఫోన్ చేశాడు.

"గురవమ్మా, కొంప మునిగింది. పన్ను ఎవరి పోలికని అడుగుతున్నరు. నా పోలికేనని చెప్పిన."

"నీకేమన్న బుద్ధున్నదా అయ్యా? ఎలుగుబంటి లెక్క పండ్లు నీవి. ఎవలన్న నమ్ముతరా? పది పాసైనంక పిల్లకు చెప్త అంటివి. పాసై ఏడాదాయె."

"చెప్తే, ఇంక నన్ను నాయినా అంటదా?"

"జల్దీ రాండ్రి," అని గురవమ్మ ఫోన్ పెట్టేసింది.

పదహారేళ్ల కిందట మిరపకాయలు ఏరడానికి అడవి అవతల నుంచి వచ్చిన ఒక కూలీ మనిషి, కాన్పయిన మూడో రోజు జ్వరంతో చనిపోయింది. ఆమె తరఫున ఎవరూ రాలేదు. పక్క గుడిసెలో ఉన్న గురవమ్మ ఆ పసిగుడ్డును ఒళ్లో వేసుకుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి, కాగితాలు రాయించుకొని, మొగుడూ పెళ్లాలు పిల్లను సొంతం చేసుకున్నారు. ఆ కాగితాలు ఇప్పుడు బీరువాలో చీరల అడుగున ఉన్నాయి. బొజ్జయ్య పాముకైనా భయపడడు గానీ ఆ కాగితాలకు భయపడతాడు.

మందులతో తిరిగి వచ్చేసరికి సరిత బయట బెంచీ మీద కూర్చొని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆపరేషన్ మాట విని బెదిరిందనుకున్నాడు.

"పోయి చాయ్ తాగిరా బిడ్డా," అని ఆమెను పంపించి, లోపలికి వెళ్లి తలుపు వేశాడు.

"మేడం, నాకొక పన్ను పీకుండ్రి."

"ఏ పన్ను? నొప్పిగా ఉందా?"

"నొప్పేం లేదు. పిల్లకు ఏది లేదో గదే పీకుండ్రి. జర గట్టిగుంటది, చూసి పట్టుండ్రి."

డాక్టరు కళ్లద్దాలు తీసేసింది.

"మంచి పన్ను పీకితే నా డాక్టరీ ఊడుతుంది బొజ్జయ్యా. అసలు సంగతేంటి?"

చెప్పాడు. మొదలు పెట్టాక ఆపుకోలేకపోయాడు. మిరప చేను నుంచి బీరువా దాకా అంతా చెప్పేసి, తువ్వాలుతో ముఖం ఒత్తుకున్నాడు.

"కన్నది మేం కాదు మేడం. గని పాలపండ్లు ఊడినప్పుడల్ల అన్నం మెత్తగ పిసికి తినిపించింది నేనే. అది బైపీసీ చదువుతున్నది, పోలికలెట్లొస్తయో అన్నీ ఆ బుక్కులల్ల ఉన్నయట. ఇయ్యాల ఒక్క పన్ను అడ్డమొచ్చి, నువ్వు దానికేమైతవని అడుగుతున్నది. నేనేం చెప్పాలె?"

డాక్టరు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఏదో అనబోయి ఆగింది.

"పన్ను పీకే పని లేదు. పిల్లను పిలవండి," అంది చివరికి.

సరిత వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"సరితా, ఇది మీ నాన్న నుంచే వచ్చి ఉంటుంది. తండ్రికి పళ్లన్నీ సరిగ్గా ఉన్నా పిల్లలకు ఇలా రావచ్చు. ఆయన్ని మళ్లీ నోరు తెరవమనకు."

సరిత తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్ మేడం. నా మొండితనం గూడ నాయినదే అంటది అమ్మ."

బొజ్జయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి చేశాడు. "అమ్మకు చెప్పొస్త," అని ఫోన్ పట్టుకొని వరండాలోకి ఉరికాడు. అక్కడ అతను మాట్లాడుతుంటే క్లినిక్ అంతా వినిపిస్తోంది.

"గురవమ్మా! నా పోలికేనట! డాక్టరమ్మే చెప్పింది!"

సరిత తలుపు వైపే చూస్తూ చున్నీతో కళ్లు తుడుచుకుంది. డాక్టరు లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"బీరువాలో కాగితాలు నువ్వు చూసిన సంగతి ఆయనకు తెలియనివ్వలేదు. ఇందాక నువ్వు చెప్పమన్నట్టే చెప్పానమ్మా."