తొడుగులకు నేర్పిన చేతులు

రొయ్యల ఫ్యాక్టరీ చలిగదిలో పనిచేసి, ఇరవై నాలుగేళ్లకే నిహారికకు మోకాళ్లు పట్టేశాయి, పాదాలు మొద్దుబారాయి. ఊళ్లో అందరిలాగే తనూ కాళ్లుపట్టే తొడుగులు కొనుక్కుంది. అవి వేసుకున్నాక ఎవరైనా ఒక్కసారి కాళ్లు పడితే చాలు, ఆ పట్టు నేర్చుకుని రోజూ అలాగే పడతాయి. నిహారికకు పట్టేవాళ్లు లేక తానే పట్టుకుని నేర్పింది. తనవీ చలికి నొప్పిపట్టిన వేళ్లే కదా, తొడుగులు కూడా నాలుగు నొక్కులు నొక్కి ఆగిపోయేవి.

చివరికి సిగ్గు విడిచి, వాటికి మళ్లీ కొత్తగా నేర్పించుకుందామని, తొడుగులు వేసుకునే వెళ్లి పక్కగది వీరవేణమ్మ తలుపు తట్టింది.

"ఈ వయసులో ముసలి మోకాళ్లేంటే పిల్లా! ఇలా చాపు," అంటూ ఆవిడ గట్టిగా పట్టసాగింది. పాదాల్లోకి వెచ్చగా నెత్తురు పాకింది. కాసేపటికి, నేర్చుకోవడం అయిపోయిందన్నట్టు తొడుగు అంచున పచ్చదీపం వెలిగింది.

"వచ్చేసిందా దానికి?"

నిహారిక దీపాన్ని అరచేత్తో మూసింది.

"ఇంకా లేదు పిన్నిగారూ."